సాయంత్రం పూట ఆందోళన: రక్తంలో సెరటోనిన్, కార్టిసాల్ అంకెలు చూసి మందు మార్చవచ్చా?

అడిగిన విషయం క్లుప్తంగా ఇది. అమ్మగారికి 76 ఏళ్లు. మూడేళ్ల కిందట అల్జీమర్స్ అని తేలింది. జ్ఞాపకశక్తికి డొనెపెజిల్ 10 మి.గ్రా. రాత్రి పూట, డిప్రెషన్, ఆందోళనలకు ఇచ్చే ఎస్‌సిటలోప్రామ్ 10 మి.గ్రా. మూడు నెలలుగా, బీపీకి టెల్మిసార్టాన్-హెచ్, మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు ఇంజెక్షన్. సాయంత్రం ఐదు దాటితే "మా ఇంటికి పోతాను" అంటూ గుమ్మం దగ్గర నిలబడతారు, చేయి పట్టుకుంటే కొడతారు, రాత్రి నిద్ర ఉండదు. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే ల్యాబ్ ప్యాకేజీలో సెరటోనిన్ (మెదడులో కబుర్లు మోసే రసాయనాల్లో ఒకటి) బాగా తక్కువ అనీ, ఉదయం కార్టిసాల్ (ఒత్తిడి హార్మోన్) 24 అనీ వచ్చింది. ఎస్‌సిటలోప్రామ్ 20కి పెంచాలా, 5-హెచ్‌టీపీ (ఒంట్లో సెరటోనిన్‌గా మారే సప్లిమెంట్), అశ్వగంధ మొదలుపెట్టాలా అని మీ ప్రశ్న.

ముందు సూటిగా జవాబు. ఆ రెండు అంకెల్ని బట్టి ఏ మందూ మార్చకండి. 20కి పెంచకండి. 5-హెచ్‌టీపీ అసలు వద్దు. ఈ వారం చేయించాల్సిన పరీక్షలు వేరే ఉన్నాయి: రక్తంలో సోడియం, ఈసీజీ. ఎందుకో వివరంగా రాస్తాను. ఈ రిపోర్టు చూసి తప్పు దారిలో వెళ్లడం చాలా తేలిక.

ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లో తయారవుతుంది. రక్తంలో కనిపించేది దాదాపు అంతా ప్లేట్‌లెట్లు లోపల దాచుకున్నదే. ఇది మెదడులోకి వెళ్లలేదు. మెదడు తనకు కావలసినంత తానే, మెదడు కాండంలో ఉండే రాఫే అనే చిన్న కణాల గుంపుల్లో, ట్రిప్టోఫాన్ నుంచి తయారుచేసుకుంటుంది. కాబట్టి చేతి నరం నుంచి తీసిన రక్తం మెదడు సంగతి చెప్పదు. ఈ పరీక్షకు వైద్యంలో అసలు పని పేగుల్లోనో ఊపిరితిత్తుల్లోనో వచ్చే ఒక రకం ట్యూమర్లను వెతకడం.

మీ విషయంలో ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. ప్లేట్‌లెట్లు సెరటోనిన్‌ని సొంతంగా తయారుచేయలేవు. రక్తంలో తిరుగుతున్న దాన్ని తమ మీద ఉండే ఒక పంపుతో లోపలికి లాక్కుంటాయి. ఎస్‌సిటలోప్రామ్ మూసేది సరిగ్గా ఆ పంపునే, మెదడు కణం మీదా ప్లేట్‌లెట్ మీదా కూడా. మాత్ర మొదలైన కొన్ని వారాలకే ప్లేట్‌లెట్లు ఖాళీ అవుతాయి, రక్తంలో సెరటోనిన్ అంకె పడిపోతుంది. రిపోర్టులో ఎర్రగా అచ్చయిన ఆ "తక్కువ", మాత్ర ఒంట్లో పనిచేస్తోందనడానికి గుర్తు. దాన్ని చూసి మోతాదు చాలలేదనుకుని రెట్టింపు చేయడం అంటే మందు పనిచేసినందుకు మందు పెంచడమే.

ఇక కార్టిసాల్ 24. నిద్రలేచిన అరగంట, ముప్పావుగంటకి కార్టిసాల్ రోజులోకెల్లా ఎక్కువగా ఉంటుంది, అర్ధరాత్రికి అట్టడుగుకి దిగుతుంది. ఉదయం ఎనిమిది ప్రాంతంలో చాలా ల్యాబుల్లో 5 నుంచి 25 మైక్రోగ్రాముల వరకు మామూలే. పరగడుపున, రాత్రంతా నిద్ర లేక, ముఖం తెలియని మనిషి వచ్చి చేతికి రబ్బరు కట్టి సూది గుచ్చితే ఆ భయానికే అంకె పైకి పోతుంది. ఒక్కసారి తీసిన ఉదయం కార్టిసాల్‌తో డిమెన్షియా ఒత్తిడిని కొలవలేం. ముఖం చంద్రబింబంలా ఉబ్బడం, తగిలితే చాలు నల్లగా కమలడం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవలేకపోవడం, షుగర్, బీపీ ఒక్కసారిగా అదుపు తప్పడం, ఇలాంటివి ఉంటే అది కుషింగ్స్ (ఒంట్లో కార్టిసాల్ మితిమీరే జబ్బు) అనుమానం. అప్పుడు రాత్రి 11 గంటలకు డెక్సామెథసోన్ 1 మి.గ్రా. వేసి పొద్దున కార్టిసాల్ 1.8 కంటే దిగిందా లేదా చూస్తారు. డిమెన్షియా ఉన్నవాళ్లలో ట్యూమర్ ఏమీ లేకపోయినా ఆ అంకె దిగకపోవడం సాధారణం, కాబట్టి దాన్నయినా ఎండోక్రైనాలజిస్టు చదవాలి.

దిగకపోవడం ఎందుకో తెలిస్తే మీ సాయంత్రాలు ఎందుకలా ఉన్నాయో కూడా అర్థమవుతుంది. భయం, నొప్పి, చలి ఏది తగిలినా మెదడులో హైపోథలామస్ పిట్యూటరీకి కబురు పెడుతుంది, పిట్యూటరీ మూత్రపిండాల మీద టోపీలా ఉండే ఎడ్రినల్ గ్రంథులకు చెబుతుంది, అవి కార్టిసాల్ వదులుతాయి. "ఇక చాలు, ఆపు" అనే బ్రేకు కొంతవరకు జ్ఞాపకాలను భద్రపరిచే హిప్పోక్యాంపస్ చేతిలో ఉంటుంది. అల్జీమర్స్ మొదట దెబ్బతీసే చోట్లలో అది ఒకటి. పొద్దున తిన్న ఇడ్లీ గుర్తులేకపోవడం, చిన్న మాటకు మొదలైన కోపం గంట దాటినా చల్లారకపోవడం, రెండూ ఒకే చోట జరిగిన నష్టానికి రెండు ముఖాలు కావచ్చు. ఎక్కువ కాలం ఎక్కువగా ఉన్న కార్టిసాల్ తిరిగి హిప్పోక్యాంపస్‌నే దెబ్బతీస్తుందని 1986లో రాబర్ట్ సపోల్‌స్కీ, బ్రూస్ మెక్‌ఎవెన్ బృందం ఒక సిద్ధాంతం ప్రతిపాదించింది. మనుషుల్లో అది ఎంతవరకు నిజమన్న చర్చ నడుస్తూనే ఉంది. ఒక్క సంగతి మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది. మెదడులో వాపు తగ్గుతుందన్న ఆశతో అల్జీమర్స్ ఉన్న 138 మందిపై ఏడాది పాటు ప్రెడ్నిసోన్ పరీక్షించారు, ఫలితం 2000లో వచ్చింది. జ్ఞాపకశక్తికి మేలు జరగలేదు, పైగా ప్రవర్తన ఇంకా చెడింది. కార్టిసాల్ లాంటి మందు బయటి నుంచి ఇస్తే ఈ జబ్బులో ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది. మోకాళ్ల ఇంజెక్షన్ దగ్గర దీనికి మళ్లీ వస్తాను.

సెరటోనిన్ వైపూ నష్టం తొందరగానే మొదలవుతుంది. రాఫే కణాల్లో అల్జీమర్స్ చిక్కుముళ్లు (కణాల్లో పేరుకునే ప్రోటీన్ ముద్దలు) జబ్బు తొలి దశల్లోనే కనిపిస్తాయి. ఉద్రేకాన్ని పట్టి ఉంచడం, నిద్ర, ఆకలి, నొప్పిని ఓర్చుకోవడం వాటి మీద కొంతవరకు ఆధారపడి ఉంటాయి. మూడోది శరీర గడియారం. కళ్ల నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన ఉండే చిన్న కణాల గుంపు అది, వెలుతురే దానికి కీ. అల్జీమర్స్‌లో అదీ పలచబడుతుంది. వెలుతురు తగ్గే వేళకి బ్రేకు లేదు, పట్టు లేదు, గడియారం తప్పింది, రోజంతా పడ్డ అలసట వచ్చి చేరింది. మన పెద్దవాళ్లు అసురసంధ్య వేళ అనే ఆ గంటన్నరే చాలామందిలో గడ్డు సమయం కావడానికి కారణం ఇది. చాదస్తమో మొండితనమో అనుకుంటే ఇంట్లో అందరూ బాధపడతారు.

మెదడులో పోయిన బ్రేకును మందుతో తిరిగి పెట్టలేం. యాక్సిలరేటర్ మీద పడే బరువును తీసేయగలం. చేయాల్సిన పని అంతా ఆ వైపే ఉంది. మాత్రల మాట ముందు పూర్తి చేస్తాను, ఎందుకంటే మీ ఇంట్లో ఆ బరువులో కొంత మాత్రల డబ్బాలోనే ఉందని నా అనుమానం.

ఎస్‌సిటలోప్రామ్‌కు 65 దాటినవాళ్లలో 10 మి.గ్రా. పైమెట్టు. దీని అన్న లాంటి సిటలోప్రామ్‌తో అమెరికా, కెనడాల్లో 186 మంది అల్జీమర్స్ రోగుల మీద 9 వారాల ట్రయల్ జరిగి 2014లో ప్రచురితమైంది. రోజుకు 30 మి.గ్రా. లక్ష్యంగా ఇస్తే 40 శాతం మందిలో ఆందోళన స్పష్టంగా తగ్గింది, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ 26 శాతం మందికి తగ్గింది. అంటే మేలు ఉంది, అయితే అనుకున్నంత పెద్దది కాదు. ఆ మోతాదులో ఈసీజీలో క్యూటీ అనే వ్యవధి (మరీ పెరిగితే గుండె లయ తప్పవచ్చు) పెరిగింది, జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు కొద్దిగా తగ్గాయి. ఆ 30 కూడా 60 దాటినవాళ్లకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో పెట్టిన 20 మి.గ్రా. పరిమితికి మించినదే. ఇక డిప్రెషన్‌కైతే, బ్రిటన్‌లో 326 మందిపై సెర్ట్రలీన్, మిర్టాజపీన్ పరీక్షించిన 2011 ట్రయల్‌లో రెండూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగుగా పనిచేయలేదు. ఆందోళనకు మిర్టాజపీన్ వాడి చూసిన 2021 ట్రయల్‌దీ అదే ఫలితం. సెరటోనిన్ తగ్గింది కాబట్టి పెంచితే సరిపోతుందన్న లెక్క ఇక్కడ అంత సులువుగా కుదరదు. సరుకు పంపించే కణాలే తరిగిపోయినప్పుడు పంపు మూసి ఎంత మిగల్చగలం?

మూడు నెలలు సరైన మోతాదు వాడారు కాబట్టి డాక్టరును నేరుగా అడగాల్సిన ప్రశ్న: "దీంతో ఏమైనా మేలు కనిపించిందా, లేకపోతే మెల్లగా దించుదామా?" మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. తల తిరుగుడు, చిరాకు, నిద్రలేమి వచ్చి జబ్బు ముదిరిందని పొరబడతారు. దించాలంటే మామూలుగా 5కి తగ్గించి రెండు నుంచి నాలుగు వారాలు ఉంచి, తర్వాత ఆపుతారు.

సోడియం ఎందుకన్నానంటే ఈ రకం మాత్రలు పెద్ద వయసు ఆడవాళ్లలో సోడియం తగ్గించడం తరచుగా జరిగేదే. ఎక్కువగా మొదటి నెలలోనే. బీపీ మాత్ర పేరు చివర ఉన్న ఆ "హెచ్" హైడ్రోక్లోరోథయజైడ్, సోడియం తగ్గించే రెండో మందు. రెండూ కలిసినప్పుడు ముప్పు ఇంకా ఎక్కువ. 135 కంటే తక్కువైతే తగ్గినట్టు. 130 కంటే కిందికి వస్తే అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి, 125 కంటే కిందైతే ఆసుపత్రి. సోడియం తగ్గిన మనిషి ఎలా ఉంటారంటే మరింత అయోమయంగా, తూలుతూ, వికారంగా, మగతగా. అంటే డిమెన్షియా ఒక మెట్టు దిగినట్టే కనిపిస్తుంది. చిన్న పరీక్షతో తేలే విషయం నెలల తరబడి ముదిరిన జబ్బుగా చలామణీ అవుతుంది. ఉప్పు ఎక్కువ తినిపించి సరిచేద్దామనుకోకండి. హెచ్ లేని టెల్మిసార్టాన్‌కు మార్చడం లాంటి నిర్ణయం డాక్టరు తీసుకోవాలి.

ఈసీజీ దేనికంటే ఎస్‌సిటలోప్రామ్ క్యూటీ పెంచగలదు, డొనెపెజిల్ గుండె వేగాన్ని తగ్గించగలదు, రెండూ కలిసి ఉన్నాయి. నాడి నిమిషానికి 50 కంటే తక్కువున్నా, కళ్లు తిరిగి పడిపోయినా ఆలస్యం చేయవద్దు. డొనెపెజిల్ రాత్రి వేస్తే కొందరికి పీడకలలు, నిద్రాభంగం. డాక్టరును అడిగి పొద్దున టిఫిన్ తర్వాతకి మార్చి రెండు వారాలు చూడండి. ఖర్చు లేని మార్పు, కొన్నిసార్లు రాత్రంతా మారిపోతుంది.

ఇప్పుడు మాత్రల డబ్బా. ఒక దుప్పటి మీద ఇంట్లో ఉన్నవన్నీ పోయండి: రోజువారీవి, జలుబువి, దగ్గు సిరప్, పక్కింటివాళ్లిచ్చిన నొప్పి మాత్ర, నూనెలు, పొడులు. స్ట్రిప్ వెనక ఉన్న అసలు మందు పేరు రాయండి. ట్రమడాల్ అని కనబడితే పక్కన పెట్టండి. పారాసెటమాల్‌తో కలిపి మోకాళ్ల నొప్పికి విరివిగా రాస్తారు, ఎస్‌సిటలోప్రామ్‌తో కలిస్తే సెరటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరటోనిన్ మితిమీరే ప్రమాదకర స్థితి) రావచ్చు. దగ్గు సిరప్‌లో డెక్స్ట్రోమెథార్ఫాన్, ఆసుపత్రిలో ఇచ్చే యాంటీబయాటిక్ లినెజోలిడ్ కూడా ఇదే కోవ. లక్షణాలు గంటల్లో మొదలవుతాయి: వణుకు, కాళ్లు టకటకా అదరడం, చెమటలు, విరేచనాలు, జ్వరం, విపరీతమైన ఆందోళన. 5-హెచ్‌టీపీ వద్దన్నది కూడా ఇందుకే. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ప్లేట్‌లెట్లు ఖాళీ అయ్యాయని పైన చెప్పుకున్నాం కదా, రక్తం గడ్డకట్టే పనిలో వాటి పట్టు కాస్త తగ్గుతుంది. మలం తారులా నల్లగా వస్తే వెంటనే చూపించాలి.

అదే కుప్పలో ఇంకో జాతి ఉంటుంది: దురదకి అవిల్, జలుబు మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకి లేదా నరాల నొప్పికి అమిట్రిప్టిలిన్, వణుకుకి పాసిటేన్, మూత్రం ఆగకపోతే ఆక్సీబ్యుటినిన్. డొనెపెజిల్ మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని నిలబెడుతుంది, ఇవన్నీ దానికి సరిగ్గా ఎదురు పనిచేస్తాయి. ఒక చేత్తో పోసి ఇంకో చేత్తో ఒంపేసినట్టు. అయోమయం పెరుగుతుంది, మలం, మూత్రం బిగుసుకుంటాయి. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి ఒక రాత్రి నిద్రపుచ్చుతాయి, మర్నాడు తూలి పడేలా చేస్తాయి. కొందరిలో తిరగబడి ఆందోళన పెంచుతాయి. నెలల తరబడి వాడుతుంటే మాత్రం వాటినీ ఒక్కసారిగా ఆపకూడదు.

మోకాళ్ల ఇంజెక్షన్ అన్నారు. అది ఏమిటో చీటీ అడిగి తెలుసుకోండి. కీలులోకి ఇచ్చే ట్రయామ్సినలోన్, మిథైల్‌ప్రెడ్నిసలోన్ అయినా, ఊళ్లో తుంటికి పొడిచే డెక్సామెథసోన్ అయినా స్టెరాయిడే, అంటే కార్టిసాల్‌కు బలమైన తమ్ముడు. ఇచ్చిన మొదటి వారంలో నిద్ర పట్టకపోవడం, లేని మనుషులు కనబడటం, షుగర్ ఎగబాకడం జరగవచ్చు. క్యాలెండర్ మీద ఇంజెక్షన్ తేదీలు, గొడవ పెద్దదైన రోజులు పక్కపక్కన గుర్తుపెట్టి చూడండి. లేబుల్ లేని నొప్పుల పొడుల్లో కూడా స్టెరాయిడ్ కలిసి దొరికిన సందర్భాలున్నాయి. ఎక్కువ కాలం వాడి హఠాత్తుగా ఆపితే ఎడ్రినల్ గ్రంథి లేవలేక బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు, కాబట్టి అనుమానం వస్తే పొడి పారేసే ముందే డాక్టరుకు చెప్పాలి.

ఆందోళన గంటల్లోనో రెండు మూడు రోజుల్లోనో కొత్తగా మొదలైందా, నెలలుగా మెల్లగా పెరుగుతోందా అన్నది ముందు తేల్చుకోండి. హఠాత్తుగా వచ్చి, పూటకో రకంగా మారుతూ, మధ్యలో మత్తుగా ఉంటే అది డెలీరియం. ఒంట్లో ఏదో జరుగుతోందని అర్థం. జ్వరం, న్యుమోనియా, షుగర్ పడిపోవడం, నీరు చాలకపోవడం, పడ్డప్పుడు తలకు తగిలి లోపల రక్తం చేరడం, మూత్రం బిగుసుకుపోవడం. ఎనిమిది పది గంటలు మూత్రం రాక పొత్తికడుపు గట్టిగా ఉంటే ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రం పరీక్షలో బ్యాక్టీరియా కనబడ్డంత మాత్రాన అదే కారణం అనుకోకండి. ఈ వయసు ఆడవాళ్లలో ఏ ఇబ్బందీ లేకుండానే అది కనబడుతుంది. మంట, జ్వరం, కొత్తగా పక్క తడపడం తోడైతేనే దానికి లెక్క.

మెల్లగా పెరిగేదైతే ఒక నోటు పుస్తకంలో ఏడు రోజులు రాయండి: ఎన్ని గంటలకు, దానికి ముందు పది నిమిషాల్లో ఏం జరిగింది, ఎవరున్నారు, ఏం చేస్తే తగ్గింది, చివరిసారి మలవిసర్జన ఎప్పుడు, రాత్రి ఎంత నిద్ర. ఏడో రోజుకి తీరు కనబడుతుంది. మూడు రోజులు మలం రాకపోతే సాయంత్రం తిరుగుడుకి అదే చాలు. ఇసబ్‌గోల్ నీళ్లు తక్కువ తాగేవాళ్లలో ఇంకా బిగుస్తుంది, లాక్టులోజ్ సిరప్ రాత్రి 15 మి.లీ. మెరుగు.

నొప్పి మీద ఇంకాస్త నిలబడాలి, ఎందుకంటే అందరూ దాటిపోయేది దీన్నే. "ఎక్కడైనా నొప్పా?" అంటే "లేదు" అంటారు. ప్రశ్న అర్థమయ్యే లోపు జవాబు వచ్చేస్తుంది. అడగడం మాని చూడండి: లేచేటప్పుడు ఊపిరి బిగబట్టడం, మూలుగు, నుదురు ముడిపడటం, పిడికిళ్లు బిగించడం లేదా మోకాలు లోపలికి లాక్కోవడం, ఊరడిస్తే ఊరట చెందకపోవడం. డాక్టర్లు ఈ అయిదింటికీ 0 నుంచి 2 వరకు మార్కులేసి పదికి లెక్క కడతారు. ఊరికే కూర్చున్నప్పుడు కాదు, పక్కమీద నుంచి లేపేటప్పుడు చూడాలి. నార్వే వృద్ధాశ్రమాల్లో 352 మంది డిమెన్షియా రోగులపై చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. నొప్పికి మెట్లవారీగా, చాలామందికి వట్టి పారాసెటమాల్‌తోనే, 8 వారాలు క్రమం తప్పకుండా మందిస్తే ఆందోళన స్కోరు 17 శాతం తగ్గింది. సెరటోనిన్ మాత్రల ఫలితంతో పోల్చుకుంటే చిన్న విషయం కాదు. కాలేయం బాగుండి, బరువు 50 కిలోలు దాటితే పారాసెటమాల్ 500 మి.గ్రా. రోజుకు మూడుసార్లు, నొప్పి అన్నప్పుడు కాకుండా గడియారం ప్రకారం, రెండు వారాలు ఇచ్చి చూడవచ్చా అని డాక్టరును అడగండి. మధ్యాహ్నం మోతాదును మూడున్నర, నాలుగుకి పెడితే గడ్డు వేళకి పనిచేస్తూ ఉంటుంది. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, అదీ లెక్కలో కలపాలి.

రోజు ఎలా గడవాలన్నదాంట్లో మొదటిది పొద్దుటి వెలుతురు. ఏడు, ఎనిమిది గంటల మధ్య అరగంట, ముప్పావుగంట బయట, అరుగు మీదో బాల్కనీలోనో కూర్చోబెట్టండి. మబ్బు రోజైనా బయటి వెలుతురు గదిలోని బల్బు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నడవగలిగితే నడిపించండి. మధ్యాహ్నం కునుకు మూడు లోపే, అరగంటకు మించకుండా. కాఫీ, టీ మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. చలికాలంలో నాలుగున్నరకే, వేసవిలో అయిదున్నరకే ఇంట్లో అన్ని లైట్లూ వేసేయండి, చీకటి పడ్డాక వేయడం కాదు. కిటికీ తెరలు మూయండి. కిటికీ అద్దంలో తన నీడే ఎవరో పరాయి మనిషిలా కనబడుతుంది. టీవీలో ఆ వేళకి వచ్చే సీరియల్ అరుపులు, నేర వార్తలు ఆపేయండి. తెర మీది గొడవ తన ఇంట్లో గొడవే అనుకుంటారు. కళ్లద్దాలు, వినికిడి యంత్రం పెట్టారో లేదో చూడండి. సగం వినబడని మాట ఎప్పుడూ అనుమానమే పెంచుతుంది.

స్నానం దగ్గర చాలా ఇళ్లలో పెద్ద గొడవ జరుగుతుంది. పొద్దున పదకొండుకి చేయించవలసింది సాయంత్రానికి వాయిదా పడుతుంది, బట్టలు మొత్తం తీసేసి, చెంబుతో నెత్తిన గుమ్మరిస్తారు. ఏం జరుగుతోందో తెలియని మనిషికి అది దాడి. ఇలా చేయండి. ముందే బాత్‌రూమ్‌లో నేల ఆరబెట్టి, ప్లాస్టిక్ కుర్చీ వేసి, గోరువెచ్చని నీళ్లు రెండు బకెట్లు పెట్టుకోండి. కుర్చీలో కూర్చోబెట్టి భుజాల మీదుగా పెద్ద తువ్వాలు కప్పండి. మొదటి చెంబు పాదాల మీద, మాట చెప్పి, మెల్లగా. తర్వాత మోకాళ్లు, తర్వాత చేతులు. తువ్వాలు తీయకుండా దాని మీదనే నీళ్లు పోసి, అడుగు నుంచి చేయి పెట్టి రుద్దండి. చిన్న చెంబు ఆవిడ చేతికే ఇవ్వండి, పోసుకోవడం చేతులకి గుర్తుంటుంది. తలస్నానం వేరే రోజు. వద్దని గట్టిగా అంటే ఆ రోజు తడిగుడ్డతో తుడిస్తే చాలు, రోజూ స్నానం చేయించి తీరాలన్న పట్టుదల వల్ల వచ్చే లాభం లేదు.

"మా ఇంటికి పోతాను" అన్నప్పుడు "ఇదే మన ఇల్లు కదా, మర్చిపోయావా" అంటే మంట పెరుగుతుంది. ఆవిడ అడుగుతున్నది చిరునామా కాదు, భయం లేని చోటు. "పోదాం అమ్మా, ముందు కాస్త మజ్జిగ తాగి బయల్దేరదాం" అని ఎదురుగా నిలబడకుండా పక్కన నడవండి. నాలుగడుగులు వేసి, వీధి చివరి దాకా వెళ్లి తిరిగి వస్తే చాలాసార్లు అంతటితో సరి. "కోడలు అన్నం పెట్టలేదు" అని పక్కింట్లో చెబితే కోడలిని సంజాయిషీ అడగకండి. తిన్నది గుర్తులేని మనిషి నిజంగానే తినలేదనుకుంటారు. గుప్పెడు మరమరాలు చేతిలో పెట్టండి. ఒక లెక్క గుర్తుంచుకోండి: భయపడ్డాక గుండె దడ నిమిషాల్లో తగ్గవచ్చు, కార్టిసాల్ మాత్రం 20, 30 నిమిషాలకి పైకెక్కి దిగడానికి గంట దాటుతుంది. బ్రేకు పోయినవాళ్లలో ఇంకా ఎక్కువ. గొడవ చల్లారినట్టు కనబడగానే "సరే, ఇక మాత్ర వేసుకో" అంటే రెండోసారి రగిలేది అందుకే. ఒక గంట ఏదీ అడగకండి.

తిండితో సెరటోనిన్ పెంచాలన్న తపన వదిలేయండి. 50 కిలోల మనిషికి రోజుకు కావలసిన ట్రిప్టోఫాన్ సుమారు 200 మి.గ్రా., రెండు గ్లాసుల పాలతోనే అంత వస్తుంది. పప్పు, గుడ్డు, వేరుశెనగ ఉన్న ఇంట్లో లోటు రాదు. అరటిపండులో సెరటోనిన్ ఉన్నా అది మెదడు గడప దాటదు. పండు మాత్రం మలబద్ధకానికి మంచిదే. అశ్వగంధ ఆరోగ్యవంతుల్లో ఒత్తిడి తగ్గించిందని చిన్న అధ్యయనాలున్నాయి, అవి డిమెన్షియాలో చేసినవి కావు. థైరాయిడ్ హార్మోన్ పెంచగలదు, కాలేయం దెబ్బతిన్న కేసులు నమోదయ్యాయి. మీ అమ్మగారికి నేను చెప్పను. బీ12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఏడాదిగా చూడకపోతే ఆ డబ్బు వాటికి పెట్టండి.

ఇవన్నీ చేశాక కూడా తనకో ఇతరులకో దెబ్బ తగిలే ప్రమాదం ఉంటే రిస్పెరిడోన్ (యాంటీసైకోటిక్ వర్గం మందు) 0.25 మి.గ్రా. లాంటి చిన్న మోతాదుతో డాక్టరు మొదలుపెట్టవచ్చు. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఈ వర్గం మందులతో మరణాలు 1.6 నుంచి 1.7 రెట్లు ఎక్కువని 2005లోనే అమెరికాలో బ్లాక్ బాక్స్ అనే తీవ్ర హెచ్చరిక వచ్చింది. కాబట్టి మొదలుపెట్టే రోజే ఆపే తేదీ అడగండి. నాలుగు వారాల్లో మేలు లేకపోతే ఆపాలి, ఉంటే మూడు నాలుగు నెలలకి దించి చూడాలి. నడక కట్టెలా బిగుసుకుపోవడం, లేని పిల్లలో జంతువులో స్పష్టంగా కనబడటం ముందు నుంచీ ఉంటే అది లూయీ బాడీ అనే రకం డిమెన్షియా కావచ్చు. అలాంటివాళ్లకి ఇదే వర్గంలోని హాలోపెరిడాల్ ప్రాణాంతకం కాగలదు. ఎమర్జెన్సీకి వెళ్లినా ఈ మాట మీరే ముందు చెప్పాలి.

రాత్రి కాపలా కాసేవారికీ కార్టిసాల్ ఉంటుంది. చూసుకునేవారి గొంతులో చిరాకు ఆవిడకు మాటల కంటే ముందు తెలుస్తుంది. వారానికి రెండు రాత్రులైనా ఇంకొకరికి అప్పగించి నిద్రపోండి. వృద్ధుల కోసం 14567, మీ మనసు బాగోనప్పుడు టెలీ మానస్ 14416, రెండూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు సెరటోనిన్ రిపోర్టు ఇంట్లో పెట్టేయండి. తీసుకెళ్లవలసినవి: సోడియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు పరీక్ష), ఈసీజీ, ఏడు రోజుల నోటు పుస్తకం, ఇంజెక్షన్ తేదీలు, దుప్పటి మీద పోసిన మాత్రలన్నీ ఒక సంచిలో. అపాయింట్‌మెంట్ పొద్దుటి పూటకే తీసుకోండి, సాయంత్రం క్లినిక్ వద్దు.